అక్క గృహప్రవేశానికి నలభై కొవ్వొత్తులు

ఫిబ్రవరి 23

పోయినేడాది మే నెలలో గుంటూరు అక్కకి ఆరు సోయా కొవ్వొత్తులు బస్సు పార్సిల్లో పంపాను. సాయంత్రం ఫోన్. "ఏమే, కొవ్వొత్తులన్నావు, పాయసం పంపావేంటి?" అట్టపెట్టె అడుగంతా మైనం కారి గడ్డకట్టిందట, సెంటు నూనె అట్టలోకి ఇంకిపోయిందట, వత్తులు మాత్రం గ్లాసుల్లో హాయిగా పడుకుని ఉన్నాయట. ఇప్పుడు అదే అక్క కొత్తింటి గృహప్రవేశం మే 21న పెట్టుకుంది. వచ్చినవాళ్ళకి తాంబూలంతోపాటు ఇవ్వడానికి నలభై కావాలంటోంది. "మళ్ళీ పాయసమైతే మాత్రం ఊరుకోను" అని ముందే చెప్పి పెట్టేసింది.

సోయా మైనం అంటే సోయా నూనెకి హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచింది. డాల్డాకి దూరపు చుట్టం అనుకోవచ్చు. నేను కొనే రకం సంచీ మీద కరిగే వేడి 47 నుంచి 50 డిగ్రీలని ఉంది. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడమీద గది మే నెల మధ్యాహ్నం 40 చూపిస్తుంది. కరిగిపోదు, నిజమే. కానీ కరగడానికీ మెత్తబడడానికీ మధ్య చాలా దూరం ఉంది, మా కొవ్వొత్తులు ఆ మధ్యలోనే ఎక్కడో వేసవంతా గడుపుతాయి.

మైనంలో ఏదైనా కలిపితే గట్టిపడుతుందని అందరూ చెబుతారు. ఎంత కలపాలో మాత్రం తలా ఒక లెక్క. వాళ్ళ గది 22 డిగ్రీలు, నాది 40. కాబట్టి వాళ్ళ లెక్కలు పక్కనపెట్టి నా లెక్క నేనే రాసుకుంటాను.

మార్చి 2

ముందు ఏమీ కలపని మైనంతో ఒక బ్యాచ్. అదే కొలబద్ద. గ్లాసు లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు, ఒక్కోదానిలో 170 గ్రాములు పడుతుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి దాంట్లో చిన్న గిన్నె పెట్టి కరిగించాను. 85 డిగ్రీలకి రాగానే దించి, మైనం బరువులో 6 శాతం మల్లె సెంటు పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలిపాను. గబగబా కలిపితే గాలి బుడగలు చేరి పైన గుంటలు పడతాయి. 58కి చల్లారాక గ్లాసుల్లో పోశాను.

గ్లాసుల్ని చల్లటి గచ్చు మీద పెట్టొద్దని పాత అనుభవం. అడుగు ముందు బిగుసుకుని, గాజు నుంచి మైనం విడిపోయి, తడి మరకల్లాంటివి కనిపిస్తాయి. వారపత్రికలు రెండు మందంగా పరిచి వాటి మీద పెట్టాను. అత్తయ్య ఆ వారం సీరియల్ ఇంకా చదవలేదట. సరే.

మార్చి 9

వారం ఆరాక వెలిగించాను. కాటా మీద పెట్టి గంటకోసారి బరువు చూడడమే పరీక్ష. మూడు గంటల్లో 21 గ్రాములు కాలింది, అంటే గంటకు 7. కరిగిన మైనం గ్లాసు అంచుదాకా చేరింది, సెంటీమీటరు లోతు. మధ్యరకం వత్తి. మంట బాగుంది.

బాగాలేనిది పైపొర. తెల్లటి బూజులాంటిది చెట్టు కొమ్మల ఆకారంలో పాకింది. ఇది చెడిపోవడం కాదు. నెయ్యి పూస కట్టినట్టే ఇదీ. సోయా కొవ్వు రకరకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది, ఉష్ణోగ్రత పైకీ కిందకీ ఊగితే ఒక రూపం వదిలి ఇంకో రూపంలోకి మారుతుంది. పూస నెయ్యికి మనం మురిసిపోతాం, కొవ్వొత్తి మీద అదే కనపడితే కొన్నవాళ్ళు పాత సరుకంటారు.

దీనికి కొబ్బరినూనె కలపమని ఒక సలహా. ఒక్క గ్లాసులో 8 శాతం కలిపి చూశాను. బూజు తగ్గిన మాట నిజమే. కానీ కొబ్బరినూనె కరిగేదే 24, 25 డిగ్రీల దగ్గర. మా ఇంట్లో ఆ సీసా డిసెంబరు తెల్లవారుజామున తప్ప గడ్డకట్టి ఎరగదు. మధ్యాహ్నం గ్లాసు పైన వేలు పెడితే వెన్నలా గుంట పడింది. చలి దేశాల సలహా, చలి దేశాలకే ఉండనీ.

మార్చి 11

వన్‌టౌన్‌లో సబ్బుల ముడిసరుకు అమ్మే కొట్టుకి వెళ్ళి, మైనాన్ని గట్టిపరుస్తుందన్న స్టియరిక్ యాసిడ్ అడిగాను.

"సబ్బుకా అమ్మా, క్రీముకా?"

"కొవ్వొత్తులకండి."

"అయితే ఇదే తీసుకోండి. కిలో ఇవ్వనా?"

పావుకిలో చాలన్నాను. తెల్లటి పలుకులు, చేతికి జిడ్డుగా తగిలాయి గానీ అంటుకోలేదు. యాసిడ్ అనగానే అత్తయ్య సంచీని పొయ్యిగట్టు మీంచి తీయించేసింది. నిజానికి ఇది కొవ్వుల్లో ఉండే ఆమ్లమే, 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త కొవ్వుల్ని విడగొట్టి ఇలాంటి ఆమ్లాల్ని బయటికి తీశాడు. 1825లో గే-లుసాక్‌తో కలిసి వీటితో కొవ్వొత్తులు చెయ్యడానికి పేటెంట్ కూడా తీసుకున్నాడు. ఇంటర్‌లో వాయు నియమాల దగ్గర చదివిన గే-లుసాకే! అంతకుముందు యూరప్‌లో పశువుల కొవ్వుతో చేసినవే ఎక్కువ. అవి కారేవి, కంపు కొట్టేవి. అంటే నేనిప్పుడు చెయ్యబోయేది రెండు వందల ఏళ్ళనాటి పని.

మార్చి 12

3, 5, 8 శాతాలు, ఒక్కోటి రెండు గ్లాసులు. పలుకులు చివరి ముక్క దాకా కరగాలంటే మైనం 75 దాటాలి. 65 దగ్గర గిన్నె అడుగున ఇంకా తిరుగుతూనే కనిపించాయి.

8 శాతం గ్లాసు చల్లారాక పైన నక్షత్రంలా పగిలింది, చుట్టూ గాజు నుంచి వెంట్రుకవాసి విడిపోయింది. పక్కన పడేశాను. 3కీ ఏమీ కలపనిదానికీ తేడా గోరుకి తెలియలేదు. 5 బాగుంది, గీత సన్నగా పడుతోంది.

నాకు ఇక్కడ ఒక భ్రమ వదిలింది. 69 దగ్గర కరిగేది కలిపాం కాబట్టి కొవ్వొత్తి 60 దాకా ఆగుతుందని లోపల ఒక ఆశ ఉండేది. అలా జరగదు. కొంచెం స్టియరిక్ బోలెడు సోయాలో కలిసిపోతుంది, మొత్తం కరిగే వేడి ఒకటి రెండు డిగ్రీలు కదిలితే గొప్ప. గట్టిదనం వేరు, కరిగే వేడి వేరు.

మార్చి 22

వెలిగించాను. 5 శాతం గ్లాసు మూడు గంటల్లో 19 గ్రాములు కాల్చింది. అంచు చుట్టూ ఒక నూలుపోగంత కరగని మైనం మిగిలింది. పర్వాలేదు, రెండోసారి వెలిగించినప్పుడు అదీ కరిగింది.

అసలు కథ ఇది కాదు. పన్నెండో తారీఖున గ్లాసులు చాలక మిగిలిన మైనాన్ని బీరువాలోంచి తీసిన చిన్న ఇత్తడి గిన్నెలో పోశాను, అందంగా ఉంటుందని. ఇవాళ చూస్తే గిన్నె అంచు పొడవునా, మైనం తగిలినంత మేరా, ఆకుపచ్చటి చార. వేలితో తుడిస్తే పచ్చగా అంటుకుంది. మైనం లోపలికి కూడా ఒక సన్నటి పచ్చ తెర దిగింది. నేను సెంటుని అనుమానించాను, వత్తికింద రేకుని అనుమానించాను. అత్తయ్య చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర తిప్పి చూసి, "చిలుం కదే అమ్మాయ్ ఇది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు పెడతామా ఎవరమైనా? నువ్వే కదా యాసిడ్ వేశానన్నావు" అంది.

అంతే. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఆమ్లం దాన్ని పట్టుకుంటే ఆకుపచ్చటి లవణం పుడుతుంది. చింతపండు పులుసు చేసే పనే స్టియరిక్ తీరిగ్గా పది రోజుల్లో చేసింది. బీఎస్సీ కెమిస్ట్రీ నాది, ఆవిడది అయిదో తరగతి.

గిన్నెని చింతపండుతోనే తోమింది, తళతళలాడింది. స్టియరిక్ కలిపిన మైనం ఇకమీదట గాజులో, పింగాణీలో తప్ప పొయ్యను. దీపావళికి ఇత్తడి ప్రమిదల్లో పోసి అమ్మాలన్న ఆలోచన ఉంటే, వాటికి స్టియరిక్ లేని మైనం వేరే చూసుకోవాలి.

ఏప్రిల్ 6

శ్రీరామనవమి. పానకం అయ్యాక వంటగది నా చేతికొచ్చింది.

ఈసారి తేనె మైనం. కరిగే వేడి 62 నుంచి 64. ఖరీదు సోయాకి రెట్టింపు దగ్గర పడింది. పారఫిన్ కలిపి అమ్మేవాళ్ళుంటారని ముద్దని గోటితో గీరి చూశాను. పొడి రాలకుండా చుట్ట చుట్టుకుంది, నలిపితే తేనె వాసనేసింది. కొట్టువాడి ప్రమాణం కంటే అదే నమ్మాను.

రెండు రకాలు చేశాను. ఒకదాంట్లో తేనె మైనం 10 శాతమే. ఇంకోదాంట్లో 10 శాతం తేనె మైనం, 5 శాతం స్టియరిక్. రంగు మీగడలా వచ్చింది, నాకు నచ్చింది. పైపొర నున్నగా, బూజు దాదాపు లేకుండా. వాసన దగ్గరే చిక్కు. మల్లె వెనక తేనెపట్టు పిండినట్టు ఇంకో వాసన తొంగిచూస్తోంది. మల్లెకి పడలేదు. సంపంగి సెంటుతో చేసి చూస్తే రెండూ కలిసిపోయాయి, అక్కకీ సంపంగే ఇష్టం. సమస్య అలా తీరింది, నా తెలివేమీ లేదు.

పారఫిన్ మాట కూడా రాయాలి. 58, 60 డిగ్రీల పారఫిన్ ముప్పై శాతం కలిపితే ఎండకి ఆగడం తేలిక, ఖర్చూ తక్కువ. బజారులో చాలా సరుకు అలాంటి మిశ్రమమే. తప్పేం లేదు. కానీ అప్పుడు కాయితం మీద "సోయా" అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. అక్క చుట్టాలకి సోయా కొవ్వొత్తులని చెప్పేసుకుంది కాబట్టి అటు వెళ్ళలేదు.

ఏప్రిల్ 13

పది-అయిదు మిశ్రమాన్ని వెలిగించాను. మొదటి గంట ముచ్చటగా ఉంది. రెండో గంటకి మంట చుట్టూ మైనం దిగిపోయి, అంచు దగ్గర వేలిమందం గోడ నిలబడింది. మూడో గంటకి కొవ్వొత్తి మధ్యలో బావి తవ్వినట్టుంది. కాలింది 15 గ్రాములే, గంటకి 5. వాసన గుమ్మం దాటలేదు.

ఈ ఏడు వారాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన కొలత ఇదే అనుకుంటున్నాను. మైనం గట్టిపడితే ఎండకి ఆగుతుంది, కానీ మంటకీ ఆగుతుంది! వత్తి మాత్రం పాతదే. ఏం కలిపినా వత్తి పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది. ఫలానాది ఇంత శాతం కలపండి అని చెప్పే పది మందిలో వత్తి ఊసెత్తేది ఒక్కరు.

లావు వత్తి వేసి ఇంకో గ్లాసు. మూడు గంటలకి 20 గ్రాములు, అంచుదాకా కరిగింది. నాలుగోసారి వెలిగించేసరికి వత్తి కొసన నల్లగా పుట్టగొడుగు లేచి, గాజు మీద మసి. ప్రతిసారీ వెలిగించేముందు వత్తిని 6 మిల్లీమీటర్లకి కత్తిరిస్తే మసి పోయింది. ఆ మాట చీటీ మీద అచ్చు వేయించాలి. చుట్టాలు చదువుతారా అన్నది వేరే ప్రశ్న.

ఏప్రిల్ 15

వైబార్ వచ్చింది, 50 గ్రాముల పొట్లం, కొరియర్లో. ఇది ప్లాస్టిక్కుల కుటుంబంలోని పాలిమర్, అసలు పారఫిన్ కోసం తయారైంది. నూనెని మైనంలో పట్టి ఉంచుతుంది. అర శాతానికి మించితే సెంటుని కూడా వదలకుండా పట్టేసుకుంటుందని విన్నాను. బంగారం తూచే బుల్లి కాటా మీద రెండున్నర గ్రాములు తూచి అరకిలోలో వేశాను. పైపొర అద్దంలా వచ్చింది. వాసన మాత్రం పక్క గదిదాకా వెళ్ళేది మంచం దాటలేదు. పైగా సోయా అని చెప్పి ప్లాస్టిక్ పొడి వెయ్యడం మనసొప్పలేదు. పొట్లం అటకెక్కింది.

యూవీ పొడి కొనలేదు. అది రంగు వెలవకుండా కాపాడేది, నేను రంగే వెయ్యను. మార్చి నాటి మల్లె గ్లాసులు పసుపు తిరిగాయి కదా అంటే, అది ఎండ వల్ల కాదు. మల్లె వాసనలో ఇండోల్ ఉంటుంది, వెనిల్లా వాసనలో వెనిలిన్. ఈ రెండిట్లో ఏదున్నా ఆ సెంట్లు చీకట్లో పెట్టినా రంగు మార్చేస్తాయి. దానికి ఏ పొడీ అడ్డుపడదు.

ఏప్రిల్ 20

డిక్కీ పరీక్ష.

మూడు గ్లాసులు: ఉత్త సోయా, 5 శాతం స్టియరిక్, పది-అయిదు. స్కూటర్ డిక్కీలో థర్మామీటర్‌తో సహా పెట్టి, పన్నెండు నుంచి రెండింటి దాకా అపార్టుమెంటు ముందు ఎండలో వదిలేశాను. వాచ్‌మెన్ రెండుసార్లు వచ్చి, "నీడలో పెట్టమంటారా అమ్మగారూ?" అనడిగాడు. వద్దన్నాను. ఇంకేమనుకున్నాడో.

రెండింటికి తీస్తే 51 డిగ్రీలు. ఉత్త సోయా పూర్తిగా నూనె, వత్తి ఒరిగిపోయింది. స్టియరిక్ గ్లాసు రవ్వజావ. పది-అయిదు పైన చెమట బొట్లు పట్టి ఉంది, గోరు దిగుతోంది, కానీ గ్లాసు వంచితే కదల్లేదు. గడ్డపెరుగులా నిలబడింది. సాయంత్రానికి చల్లారి మళ్ళీ బిగిసింది. పైన చిన్న గుంట, అంతే. 8 శాతం సెంటుతో ఇంకోటి మర్నాడు పెడితే చెమట రెట్టింపు పట్టింది. సెంటు 6 దగ్గరే ఆపుతున్నాను.

డిక్కీని గెలిచే కొవ్వొత్తి నా వంటగదిలో తయారుకాదని అర్థమైంది. మిగతా సగం పని ప్రయాణం వేళది.

మే 1 – 3

కిలో లెక్క: సోయా 850, తేనె మైనం 100, స్టియరిక్ 50, సంపంగి సెంటు 60 గ్రాములు. ముందు తేనె మైనం, స్టియరిక్ కరిగించి, తర్వాత సోయా పలుకులు. లావు వత్తి. పోసేది 63 దగ్గర. ఈ మిశ్రమం ఉత్త సోయా కంటే ముందే గిన్నె అంచుకి పొర కడుతోంది. గ్లాసుల్ని ముందు వెచ్చబెట్టాను. మొత్తం నలభై నాలుగు, మూడు రోజులు, రోజుకి రెండు విడతలు. రెండో తారీఖు రాత్రి కరెంటు పోయింది, ఇండక్షన్ పొయ్యి ఆగింది, మధ్యలో కాసేపు ఆగి పోశాను.

ఇంకో రెండు వారాలు కదపకూడదు. పోసిన మర్నాడే వెలిగిస్తే సోయా వాసన ఇవ్వదు. మంచం కింద వరుసగా పేర్చి దుప్పటి కప్పాను. మా ఆయన చెప్పుల కోసం వంగి, "ఏంటిది, మామిడికాయలు మాగేశావా?" అన్నారు.

మే 18

ఉదయం అయిదున్నరకి బయల్దేరాం. థర్మాకోల్ పెట్టెలు రెండు, గ్లాసుల మధ్య వార్తాపత్రికలు. వారధి దాటేసరికి ఇంకా ఎండ తగల్లేదు, మంగళగిరి దగ్గర టీకి కూడా ఆగనివ్వలేదు నేను. ఆరున్నరకి బ్రాడీపేట. థర్మామీటర్ పెట్టె లోపల 31 చూపించింది. అక్క ఒకటి తీసి, బోర్లించి, తట్టి, "గట్టిగానే ఉన్నాయే" అంది. అదే పొగడ్త.

తర్వాత పెట్టెలు తీసుకెళ్ళి డాబా మెట్ల గదిలో పెట్టించింది. పైన స్లాబు, పడమటి గోడ. మధ్యాహ్నానికి అది డిక్కీకి ఏం తీసిపోదు. నేను పరుగెత్తి మళ్ళీ కిందకి మోయించి దేవుడి గదిలో సర్దాను.

మే 26

ఫంక్షన్ బాగా జరిగింది. ముప్పై తొమ్మిది పంచారు, ఒకటి పిల్లలు పగలగొట్టారు. ఇవాళ అక్క ఫోన్: ఇద్దరు చుట్టాలు చెప్పారట, సగం దాకా బాగా వెలిగి, తర్వాత చిటపటలాడి ఆరిపోతోందని. ఇద్దరి గ్లాసుల అడుగునా నా చీటీ మీద తారీఖు చూడమన్నాను. రెండూ 2వ తారీఖువే.

డైరీ తిరగేశాను. ఆ రాత్రి కరెంటు పోయిన విడత పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: సెంటు కలిపింది 68 దగ్గర. మిగతా అన్నీ 85. మళ్ళీ వేడి చేసే ఓపిక లేక పోసేసినట్టున్నాను. సరిగ్గా కలవని సెంటు మెల్లగా కిందకి దిగి అడుగున చేరి ఉంటుందని నా అనుమానం.

నా దగ్గర మిగిలిన నాలుగింటిలో రెండు ఆ విడతవే. ఒకటి గ్లాసుతో సహా వేడినీళ్ళలో పెట్టి మైనం దిమ్మ బయటికి తీశాను. అడుగు భాగం మిగతాదానికంటే ముదురు రంగు, వేలితో నొక్కితే జిడ్డు. రెండోదాన్ని కాటా మీద పెట్టి వెలిగించాను. రెండో గంట నడుస్తోంది, 13 గ్రాములు.